పుట్టకముందే తేలిపోయే కిడ్నీల లెక్క

కళ్యాణదుర్గం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్నకు 52 ఏళ్లు. మనిషి బక్కగా ఉంటాడు, పొద్దున లేస్తే చేలోనే. తాగుడు లేదు, బీడీ లేదు. అయినా బీపీ వచ్చింది, ఇప్పుడు కిడ్నీలు కూడా వీకయ్యాయంటున్నారు. ఆయన ఈడువాళ్లు టౌన్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ కుర్రాళ్లలా తిరుగుతున్నారు. ఎందుకిలా?"

ఉప్పు తగ్గించడం, వాకింగ్ చేయడం గురించి అందరూ చెప్పేదే కాబట్టి వదిలేస్తున్నాను. ఈ ప్రశ్న చదవగానే నాకు ఆయన్ను కడుపున మోసిన తల్లి గుర్తొచ్చింది. ఏడో నెలలో కూడా కూలికి పోయి, ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలిన సంగటి తిన్న మనిషి అయ్యుంటుంది.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టేవి నెఫ్రాన్లు. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షలుంటాయి. కొందరికి రెండు లక్షలే, కొందరికి ఇరవై లక్షలకు పైగా. గర్భంలో 36వ వారానికల్లా వీటి తయారీ ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పాలు తాగినా, గుడ్లు తిన్నా కొత్తది ఒక్కటీ పుట్టదు. పైగా వయసుతో పాటు ఏటా కొన్ని వేలు రాలిపోతుంటాయి. పుట్టినప్పటి బరువు కిలో తగ్గితే ఒక్కో కిడ్నీకి దాదాపు రెండున్నర లక్షల నెఫ్రాన్లు తక్కువని శవపరీక్షల్లో తేలింది.

తక్కువైతే ఏమిటట? పదిమంది పీకాల్సిన చెనక్కాయ చేనుకు ఆరుగురే వచ్చారనుకోండి. సాయంత్రానికి చేను అయిపోవాలి కాబట్టి ఒక్కొక్కరు ఎక్కువ సాళ్లు పడతారు. మొదట్లో పనేమీ ఆగదు, గట్టు మీదున్న రైతుకు తేడా తెలీదు. నడుం పట్టేసి ఒకరు కూలబడగానే ఆ సాళ్లు మిగతా ఐదుగురి మీద పడతాయి. రెండోవాళ్లు ఇంకా త్వరగా కూలబడతారు. కిడ్నీలో జరిగేది అచ్చం ఇదే. రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టాలి. నెఫ్రాన్లు తక్కువైతే ఒక్కోదాంట్లోకి రక్తం తెచ్చే నాళం వెడల్పై, లోపలి కేశనాళికల (వెంట్రుకల్లాంటి సన్నని రక్తనాళాల) ఉండలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఉండను పట్టుకుని ఉండే పోడోసైట్ కణాలు సాగి సాగి ఊడిపోతాయి. వాటి స్థానంలో కొత్తవి రావడం చాలా తక్కువ. అక్కడ మచ్చ కట్టి నెఫ్రాన్ మూసుకుపోతుంది. ఉప్పును బయటికి పంపే శక్తి తగ్గేసరికి శరీరం బీపీ పెంచి దాన్ని తోస్తుంది. ఆ బీపీ మిగిలిన నెఫ్రాన్లను ఇంకా నలిపేస్తుంది.

బారీ బ్రెన్నర్ అనే కిడ్నీ వైద్యుడు, ఆయన సహచరులు నెఫ్రాన్లు తక్కువగా పుట్టడమే బీపీకి దారితీస్తుందన్న ఊహను 1988లో ముందుకు తెచ్చారు. 2003లో జర్మనీ పరిశోధకులు ప్రమాదాల్లో చనిపోయినవారి కిడ్నీల్లో వడపోత ఉండల్ని (నెఫ్రాన్‌కు ఒకటి) లెక్కపెట్టారు. బీపీ ఉన్న పదిమందిలో మధ్యస్థంగా కిడ్నీకి 7 లక్షలు, లేని పదిమందిలో 14 లక్షలు! ఈ రెండు అంకెలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

గ్రహణం పూట గర్భిణిని కదలనివ్వకుండా కాపాడే ఇళ్లలోనే, "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అంటూ ఆమె తిండికి కోత పెడతారు. స్కూల్లో కిడ్నీ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మకూ అమ్మ తిండికీ సంబంధముందని మనకెవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

పేదింట్లో తక్కువ నెఫ్రాన్లతో పుట్టిన బిడ్డకు పెద్దయ్యాక దొరికే పని కూడా కిడ్నీలకు కష్టమైనదే. అనంతపురం మే ఎండలో ఉపాధి హామీ మట్టి పని. ఆడవాళ్లయితే మరుగు లేక నీళ్లు తాగడమే తగ్గిస్తారు. సాయంత్రం ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ బిళ్ల. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఆ బిళ్ల సరిగ్గా వాటి తయారీనే అడ్డుకుంటుంది. నీడపట్టున కూర్చునేవాళ్లకు ఎప్పుడో ఒకసారి వేసుకుంటే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. రోజంతా చెమటోడ్చినవాళ్లకు అదే బిళ్ల ప్రమాదం.

ఈ వరస మార్చలేనిదేమీ కాదు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకొచ్చాక చూస్తే, ఆహారం అందని పల్లెల పిల్లల కంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. అందుకే అంగన్‌వాడీ గుడ్డు ఇంటికి తెచ్చి అందరికీ పంచకమ్మా, నువ్వే తిను అని గర్భిణులకు చెబుతుంటాను.

ఇక మీ నాన్న సంగతి. డాక్టరు టెల్మిసార్టాన్ అనే బీపీ మందు రాసి ఉంటే, అది నెఫ్రాన్ నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేసి లోపలి ఒత్తిడి దించుతుంది. బీపీ నార్మల్‌కు వచ్చిందని సొంతంగా ఆపేయనివ్వకండి. నొప్పి బిళ్లలు డాక్టర్ని అడగకుండా వేసుకోనివ్వకండి. కిడ్నీ పని దాదాపు సగం పోయేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరగకపోవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ చాలాసార్లు అంతకంటే ముందే కనిపిస్తుంది. మీరూ, మీ తోబుట్టువులూ ఆ మూత్ర పరీక్ష, బీపీ ఇప్పుడే చేయించుకోండి. మీలో తక్కువ బరువుతో పుట్టినవాళ్లుంటే వాళ్లు ముందు.