మీ కుక్క లావైందా? పక్కటెముకలు తడిమి చూడండి: అపోహలు - వాస్తవాలు

విశాఖలో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తుంటాను. టీకాకని తెచ్చే కుక్కల్లో బాగా ఒళ్లు చేసినవి చాలానే ఉంటాయి. ఆ మాట చెబితే ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు. రోజూ కళ్లముందు తిరిగేదాంట్లో కొద్దికొద్దిగా వచ్చే మార్పు ఎవరికైనా ఆనదు. దానికి తోడు కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: పక్కటెముకలు చేతికి తగిలాయంటే తిండి చాలట్లేదన్నమాట.

వాస్తవం: తగలాలి. కుక్కను నిలబెట్టి, వెనకవైపు నుంచి రెండు బొటనవేళ్లూ వెన్ను మీద ఆనించి, మిగతా వేళ్లను ఛాతీకి ఇరువైపులా పరిచి మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. నొక్కొద్దు. ఎముకల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగితే బాగున్నట్టు. పోల్చుకోవడానికి మీ చెయ్యే ఉంది. అరచెయ్యి కిందికి పెట్టి చాపి, పైనున్న కణుపుల మీద రెండో చేతి వేళ్లు పోనివ్వండి. కుక్క పక్కలు అలా తగలాలి. పిడికిలి బిగించినప్పటి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కినట్టు. చెయ్యి తిప్పి అరచేతివైపు వేళ్ల మొదళ్లు తడిమితే మెత్తగా ఉంటుంది చూడండి, అలా ఉంటే కొవ్వు పట్టినట్టే.

తర్వాత నిలబడి పైనుంచి చూడండి, పక్కటెముకల వెనక నడుము సన్నబడాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. పొమేరియన్‌కి ఇవేవీ బొచ్చులో కనపడవు కాబట్టి స్నానం చేయించేటప్పుడు, తడిసిన ఒంటిమీద చూడాలి. మేం ఈ మూడూ కలిపి 9కి మార్కులు వేస్తాం. 4, 5 వస్తే సరైన ఒళ్లు. ఆపైన ఒక్కో మార్కుకీ సుమారు 10 నుంచి 15 శాతం బరువు ఎక్కువున్నట్టు లెక్క.

వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న దేశవాళీ కుక్కలకు చివరి ఒకటి రెండు ఎముకలు పైకే కనిపించవచ్చు. వాటి ఒంటితీరే అంత. అవి కనపడకుండా పోయేదాకా మేపకండి.

అపోహ: "ల్యాబ్రడార్ కదండీ డాక్టర్ గారూ, ఇలాగే ఉంటుంది."

వాస్తవం: ల్యాబ్‌కి (ల్యాబ్రడార్‌కి) ఆకలి ఎక్కువన్నది నిజం. ఆకలిని అదుపులో పెట్టే ఒక జన్యువులో లోపం దాదాపు పావు వంతు ల్యాబ్‌లలో ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. అడిగినప్పుడల్లా పెట్టకూడదనడానికి అదే కారణం. 2002లో వెలువడిన మరో అధ్యయనంలో 48 ల్యాబ్‌లను జతలుగా పెంచి, జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లనొప్పులూ ఆలస్యంగా వచ్చాయి. నేను ఇంతగా పట్టుబట్టేది ఆ రెండేళ్ల కోసమే.

అపోహ: "పెరుగన్నం తప్ప ఏం తినడండీ, ఊరికే లావైపోతున్నాడు."

వాస్తవం: ఇలా అన్నప్పుడు ఇంట్లో అందర్నీ అడగమంటాను. "మామయ్యగారూ, మీరేమైనా పెడుతున్నారా?" అని కోడలు అక్కడికక్కడే ఫోన్ చేస్తే సంగతి బయటపడుతుంది. పొద్దున్న టీతో రెండు మేరీ బిస్కెట్లు, సాయంత్రం ఇంకో రెండు. పిల్లల ప్లేట్లోంచి ఇడ్లీ ముక్క సరేసరి.

లెక్క చూడండి. 5 కిలోల పొమేరియన్ ఒళ్లు కదపకుండా ఉన్నా రోజుకు కావలసింది సుమారు 230 కేలరీలు. ఒక మేరీ బిస్కెట్‌లో దాదాపు 25 ఉంటాయి. నాలుగంటే 100! పెరుగన్నం గిన్నె దీనికి అదనం. చిరుతిళ్లన్నీ కలిపి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదు. అలాగని పెద్దాయన సరదా మాన్పించక్కర్లేదు. బిస్కెట్ బదులు ఆయన చేతికే కీరదోస ముక్కలో, ఉప్పులేకుండా ఉడికించిన బీన్సో ఇవ్వండి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ మాత్రం కుక్కకు విషం.

అపోహ: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే లావవడం ఖాయం.

వాస్తవం: ఆపరేషన్ తర్వాత ఒంటికి కావలసిన శక్తి దాదాపు పావు వంతు తగ్గుతుంది, ఆకలేమో పెరుగుతుంది. ఆ వారం నుంచే కొలత తగ్గిస్తే లావవదు.

అపోహ: నాలుగు రోజులు బీచ్‌లో పరుగెత్తిస్తే కరిగిపోతుంది.

వాస్తవం: మన ఊళ్లో ఇది ప్రమాదం కూడా. కుక్క ఒంటి వేడి ఎక్కువగా రొప్పడం వల్లే బయటికి పోతుంది, సముద్రపు ఉక్కలో అదీ సరిగ్గా సాగదు. కొవ్వు పట్టిన కుక్కకు, అందులోనూ ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌కి, వడదెబ్బ త్వరగా తగులుతుంది. బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వని తెల్లవారుజామునే, మెల్లగా నడిపించండి. బరువు తగ్గించేది ముఖ్యంగా తిండి కొలతే. అది కూడా వారానికి ఒంటి బరువులో ఒకటి రెండు శాతం మించకుండా తగ్గాలి. పస్తులు పెట్టొద్దు. తిండి తగ్గించినా బరువు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు.

అపోహ: పొట్ట పెద్దదైతే లావైనట్టే.

వాస్తవం: వెన్నెముక పొడుచుకొచ్చి, తొడల కండ కరిగి, పొట్ట మాత్రం ఉబ్బితే అది కొవ్వు కాకపోవచ్చు. గుండె, కాలేయం జబ్బుల్లో పొట్టలో నీరు చేరుతుంది. కుక్కపిల్లలకైతే నులిపురుగులతోనూ ఉబ్బుతుంది. ఇలా కనిపిస్తే తిండి తగ్గించి చూద్దామని ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి.