పన్నెండు దాటిన పన్నెండు నిమిషాలకు

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద 1985లో వెలసిన బిర్లా ప్లానెటోరియానికి వేసవి సెలవుల్లో వెళ్లేవారు, గుమ్మటం కింది చల్లని చీకటిలో నక్షత్రాలను చూసి వస్తారు. ఏటా మే 9 ప్రాంతంలో మాత్రం చూడవలసిన వింత బయట, మండుటెండలో ఉంటుంది. ఆ మధ్యాహ్నం నిటారుగా నిలిపిన వస్తువు నీడ దాని అడుగునే అణగిపోతుంది. 2023లో ఆ ఘడియ 12 గంటల 12 నిమిషాలకు వచ్చింది. సరిగ్గా పన్నెండింటికి ఎందుకు రాలేదని మా మేనకోడలు అడిగింది.

మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని, అంటే కాకినాడ దగ్గరి ఆకాశాన్ని, అనుసరిస్తాయి. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు కాబట్టి ఇక్కడికి సూర్యుడు పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, అక్షం వాలి ఉండడం వల్ల మే మొదట్లో సూర్యుడు గడియారం కన్నా మూడున్నర నిమిషాలు ముందుంటాడు. పదహారులోంచి అది తీసివేస్తే పన్నెండు చిల్లర మిగులుతుంది.

నీడ పూర్తిగా మాయం కావాలంటే సూర్యుడి క్రాంతి, అంటే ఆకాశంలో అతడు భూమధ్యరేఖకు ఉత్తరంగానో దక్షిణంగానో ఎన్ని డిగ్రీల దూరాన ఉన్నాడన్నది, ఆ ఊరి అక్షాంశంతో సమానం కావాలి. తిరుపతిలో ఇది ఏప్రిల్ చివరి వారంలోనే జరుగుతుంది, ఆదిలాబాద్‌లో మే మూడో వారం దాకా ఆగాలి, ఢిల్లీలో ఎన్నడూ జరగదు. అయినా మధ్యాహ్నమైతే సూర్యుడు నడినెత్తిన ఉంటాడని బడిలో ఇప్పటికీ చెబుతూనే ఉన్నాం. మే 9 ప్రాంతంలో క్రాంతి రోజుకు పావు డిగ్రీకి పైగా పెరుగుతుంది గనుక, మీటరు కర్రకు మర్నాడు పడే నీడ అయిదు మిల్లీమీటర్ల లోపే. సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు కావడంతో నీడ అంచు తొమ్మిది మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. కాబట్టి స్టీలు గ్లాసుతో చూసేవారికి ముందు రోజూ మర్నాడూ కూడా నీడలేని రోజులే. నేను మొదటిసారి సీసాను మిద్దె మీద నిలిపినప్పుడు ఒకవైపు సన్నని నీడ మిగిలిపోయింది: వాన నీరు పోవడానికి మిద్దెకు వాలు ఉంటుందన్న సంగతి మరిచాను. ఒక్క డిగ్రీ వాలు దాదాపు నాలుగు రోజుల తేడాతో సమానం. దారానికి బరువు కట్టి వేలాడదీసి, దాని వెంబడి కర్రను నిలిపితే ఈ చిక్కు ఉండదు.

నీడ కనిపించకపోతే కీడని భయపెట్టేవారు, పన్నెండు అంగుళాల (వేలి వెడల్పుల) శంకువు, అంటే నిలువు కర్ర, నీడతోనే ప్రాచీన ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం దిక్కులనూ కాలాన్నీ లెక్కగట్టిందని గుర్తుంచుకోవాలి. మే 10 నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది. ఆగస్టు 3 ప్రాంతంలో, సుమారు 12:22కు, మళ్లీ మాయమవుతుంది, మబ్బులు అడ్డురాకపోతే.