యుద్ధవిమానం మీద ఎవరి పేరు ఉండాలి?

పిల్లలూ,

మీలో ఒక అమ్మాయి మ్యూనిక్ నుంచి ఉత్తరం రాసింది. సెలవుల్లో అమ్మానాన్నలతో కలిసి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్లిందట. అక్కడ విమానాశ్రయంలో అద్దాల గుమ్మటంలా ఉండే హ్యాంగర్-7లో, రెండో ప్రపంచయుద్ధం నాటి బీ-25 మిచెల్ బాంబర్ తళతళా మెరుస్తూ కనిపించింది. దాని ఒంటి మీద రెడ్ బుల్ గుర్తు ఉంది. "తాతగారూ, బాంబులేసే విమానం మీద కూల్‌డ్రింక్ బొమ్మ ఎందుకుంది? యుద్ధంలో కూడా ఉండేదా?" అని అడిగింది.

ఉండేది కాదమ్మా. ఆ విమానం తయారైన 1940లలో ఆ కంపెనీయే లేదు. అది 1980లలో పుట్టింది. ఆ కంపెనీకి చెందిన ఫ్లయింగ్ బుల్స్ బృందం పాత విమానాలను సేకరించి, బాగుచేసి, మళ్లీ ఎగరేస్తుంది. ఆ గుర్తు వాళ్లు పెట్టుకున్నదే.

మా ఇంట్లో ఒక పెద్ద ఇత్తడి గుండిగ ఉండేది. అంచు కింద చుక్కలు చుక్కలుగా మా నాయనమ్మ పేరు, ఆమె పుట్టింటివారి ఊరి పేరు కొట్టించి ఉండేవి. సంక్రాంతి ముందు కళాయి సాయిబు వచ్చేవారు. మా వీధి అరుగు పక్కన చిన్న గొయ్యి తవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవారు. బడి గంట కొట్టినా మేం కదిలేవాళ్లం కాదు. గుండిగ బాగా కాలాక నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేచి గొంతు పట్టేసేది. తగరం ముక్క తాకించి, దూదితో గబగబా రుద్దితే నల్లటి గిన్నె లోపలంతా వెండిలా అయిపోయేది. తిత్తి ఊదే పని నాకిమ్మని బతిమాలేవాణ్ణి. అది దక్కిన రోజు అన్నం కూడా గుర్తుండేది కాదు.

సొట్టలు తీసింది సాయిబు, డబ్బులిచ్చింది మా నాన్న. అంచు కింద పేరు మాత్రం నాయనమ్మదే. దాన్ని చెరపాలని ఎవరికీ తోచలేదు.

పాత విమానానికీ ఇలాగే కళాయి వేయాలి. కాకపోతే దానికయ్యే ఖర్చుకు అంతుండదు. బీ-25కి రెండు ఇంజన్లు. ఒక్కోదానికి 14 సిలిండర్లు, 1,700 హార్స్‌పవర్. వాటిని చేసిన ఫ్యాక్టరీలు ఆ పని మానేసి చాలా కాలమైంది. ఒక భాగం పాడైతే ప్రపంచమంతా వెతకాలి, లేదా ప్రత్యేకంగా చేయించుకోవాలి. ఆ డబ్బు పెట్టేవాళ్లు లేకపోతే గుండిగ పాతసామాన్లవాడి తక్కెట్లోకి పోతుంది. అందుకే వాళ్ల గుర్తు అసలు ఉండొద్దని నేననను. కానీ నాయనమ్మ పేరున్న చోట కూర్చోకూడదు.

ఇప్పుడు మన హైదరాబాద్ సంగతి వినండి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లను ఇచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆయన కానుక అని ఒక్కో విమానం మీద రాశారు. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబర్ 5న జర్మన్లకు చిక్కింది. కొన్నాళ్లు బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో స్పిట్‌ఫైర్ అనే రెండో యుద్ధం నాటి యుద్ధవిమానాన్ని బదులిచ్చి బ్రిటన్‌వాళ్లు దాన్ని తెచ్చుకున్నారు. రెక్కలు లేవు, మొండెమే మిగిలింది. కొత్త రెక్కలు చేసి, రంగులు వేసి, నిజాం కానుక అనే మాటనూ "హైదరాబాద్ నంబర్ 12ఏ" అనే మాటనూ మళ్లీ రాశారు. అలా రాయడమే న్యాయం, ఎందుకంటే యుద్ధానికి వెళ్లిన రోజున ఆ పేరు దాని మీద ఉంది. తెలంగాణ రైతులు కట్టిన శిస్తు కూడా ఆ కానుకలో కలిసే ఉంటుంది. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు, మీరు చూసినప్పుడు వాళ్లనూ తలుచుకోండి.

మరి కొత్త పేరు రాయాల్సి వస్తే? 2020లో కరోనా కాలంలో ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో ఒక పని చేశారు. పీఎల్983 అనే నీలి స్పిట్‌ఫైర్ యుద్ధంలో తుపాకులు లేకుండా వెళ్లి ఫొటోలు తీసుకొచ్చిన రకం. దాని రెక్కల అడుగున పెద్ద అక్షరాలతో వాళ్ల ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్‌కు థాంక్స్ అని రాసి, ఆస్పత్రుల మీదుగా ఎగరేశారు. విరాళాలిచ్చినవాళ్లు చెప్పిన పేర్లను విమానం ఒంటి మీద చేత్తో రాశారు. నాకది చాలా నచ్చింది. నర్సులు తలెత్తి చూస్తే కనిపించే చోటు అది. పాత గుర్తులు వాటి చోట అవి ఉన్నాయి.

లండన్‌లో ఉన్న పిల్లలు నిజాం కానుక విమానాన్ని చూడటానికి హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంకు వెళ్లండి, టికెట్ అక్కర్లేదు. విశాఖ పిల్లలకు బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది, 2017లో నౌకాదళం నుంచి రిటైరైన విమానం. ముక్కు నుంచి తోక దాకా నెమ్మదిగా నడుస్తూ, కనిపించిన ప్రతి అక్షరాన్నీ అంకెనూ నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ఏది కొలువులో ఉన్నప్పటిది, ఏది తర్వాత చేరింది అని అక్కడివాళ్లను అడిగి, నాకు రాయండి.

మీ తాతయ్య