ముప్పయ్యో వంతు సుంకం నుంచి ఏఈవో దాకా

1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదని, ముప్పయ్యో వంతు సుంకం కడితే చాలని ఆయన మాటిచ్చాడు. మోటుపల్లి 2022 దాకా మన ప్రకాశం జిల్లాదే, ఇప్పుడు బాపట్లలోకి వెళ్లింది. ఎంత కట్టాలో ముందే తెలియాలి, సరుకు చేతికొస్తుందన్న ధీమా ఉండాలి. వ్యాపారి ఈ రోజు అడిగేదీ అదే.

2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక విదేశీ సరుకు మన గుమ్మంలోకే వచ్చింది. రూల్స్ మాత్రం చిన్న యూనిట్లకు అందలేదు. 2011లో సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది. సరుకు కోడ్, విలువ, సుంకం దిగుమతిదారే లెక్కగట్టి ప్రకటించాలి, తప్పు పడితే బాధ్యతా ఆయనదే. 2020లో ఫేస్‌లెస్ పద్ధతి వచ్చాక కృష్ణపట్నంలో దిగిన సరుకు కాగితాలను ఇంకో నగరంలోని అధికారి చూడవచ్చు. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి, మనతో వాణిజ్య ఒప్పందమున్న దేశాల సరుకుకు సుంకంలో రాయితీ కావాలంటే, సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే ఒరిజిన్ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. ఆ సరుకు అక్కడ ఎలా తయారైందో వివరాలూ దగ్గరుండాలి.

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీకి మెషీన్ వస్తోందనుకోండి. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్ అన్నీ సరిగ్గానే ఉంటాయి. చెక్క పెట్టె మీద గోధుమకంకి గుర్తున్న ముద్ర మాత్రం ఉండదు. చెక్కకు పురుగు మందు పొగ పట్టించారనో, వేడి చేశారనో చెప్పే ముద్ర అది. అది లేక సరుకు ఆగితే డెమరేజ్, అంటే సరుకు పోర్టులో నిలిచిపోయినందుకు కట్టే ఛార్జీ, రోజురోజుకీ పెరుగుతుంది, ఇక్కడ ఓనరుకు నిద్ర పట్టదు.

సురక్షిత వాణిజ్యం అనే ఆలోచనకు ఊపొచ్చింది 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత. అమెరికా సొంత పథకం పెట్టింది, 2005లో ప్రపంచ కస్టమ్స్ సంస్థ ప్రమాణాలు తెచ్చింది. మన దేశంలో 2011లో ప్రయోగంగా మొదలైన ఏఈవో (ఆథరైజ్డ్ ఎకనామిక్ ఆపరేటర్), అంటే నమ్మదగిన వ్యాపారి అని కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు, 2016లో మూడు అంచెలైంది. మొదటి అంచెలోనే కస్టమ్స్‌కు ఇవ్వాల్సిన బ్యాంక్ గ్యారెంటీ సగానికి తగ్గుతుంది, తనిఖీలూ తగ్గుతాయి. చిన్న పరిశ్రమలకు ఏడాదికి 10 దిగుమతి, ఎగుమతి పత్రాలున్నా చాలని తర్వాత సడలించారు. ఇంత మంచి అవకాశాన్ని మనవాళ్లు వదులుకోకూడదు.

2021 నుంచి, సాధారణంగా ఓడ రావడానికి ముందురోజుకే బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన, వేయాలి. కాబట్టి ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా దిగుమతిదారులకు సాయం చేసేవాళ్లు ముందే, సరుకు విదేశంలోని ఫ్యాక్టరీ దాటకముందే, కాగితాలతో పాటు ఆ చెక్క పెట్టె ఫొటో కూడా తెప్పించి చూడాలి.