కాగితపు పూల శిబిరానికి వచ్చేవారు వెంట తెచ్చుకునే అపోహలు

పన్నెండేళ్ళుగా కాగితంతో పూలు చేయడమే నా పని. ఏడేళ్ళుగా ప్రతి చలికాలంలోనూ కడియం నర్సరీలకు దగ్గరలో ఒక తోటలో నాలుగు రోజుల నివాస శిబిరం నడుపుతున్నాను. తేదీలు ప్రకటించిన మరునాటి నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: "శిబిరం అయ్యాక మేము చేసే పూలు మీరే కొంటారా అండి?" కొనను. ఈ సంవత్సరం కూడా ఈ జవాబు పదే పదే చెప్పవలసి వచ్చింది కాబట్టి, ఎందుకు కొననో, కొంటామని చెప్పేవారిని ఎందుకు నమ్మకూడదో ఒకసారి వివరంగా రాస్తున్నాను.

నాలుగు రోజుల్లో నేర్చుకుని, ఇంట్లో కూర్చుని చేసి ఇస్తే నెల తిరిగేసరికి వేలల్లో ఆదాయం వస్తుందన్నది అన్నిటికంటే ఖరీదైన అపోహ. లెక్క వేసి చూడండి. ఒక నిండు గులాబీకి 30 రేకులు అనుకుందాం. ఒక్కొక్క రేకును కత్తిరించి, మధ్యలో గుంట తీసి, అంచును అల్లిక సూది మీద చుట్టి, రేకు అడుగు భాగాన జిగురు రాసి, వరుస తప్పకుండా అతికించడానికి కొత్తవారికి 4 నిమిషాలు పట్టినా, ఒక పువ్వుకు 2 గంటలు. నూరు పూలకు 200 గంటలు, అంటే రోజుకు 8 గంటలు కదలకుండా కూర్చున్నా 25 రోజులు. ఆకులు, తొడిమలు, కాడకు చుట్టే టేపు ఇందులో చేరలేదు. ఈ శ్రమకు తగిన ధర పెట్టి టోకున కొనుక్కుని, పైన తన లాభం వేసుకుని అమ్మగలిగిన వ్యాపారిని ఇన్నేళ్ళలో నేను చూడలేదు. కొనుగోలు హామీ ఇచ్చేవారి లాభం మీ పూలలో లేదు. మీరు ముందుగా కట్టే రుసుములోనూ, తప్పనిసరిగా తమ దగ్గరే కొనాలని అంటగట్టే సామగ్రి పెట్టెలోనూ ఉంది. పూలు చేసి పంపిన రోజున "నాణ్యత లేదు" అన్న ఒక్క మాటతో వాటిని తిప్పి పంపుతారు, ఆ మాటకు కొలమానం ఏమిటో ఎక్కడా రాసి ఉండదు.

రెండేళ్ళ కిందట ఒక గృహిణి రెండు చెప్పుల పెట్టెలు సంచిలో పెట్టుకుని శిబిరానికి వచ్చింది. అంతకు ముందు మరొక చోట శిక్షణకూ సామగ్రికీ కలిపి డబ్బు కట్టడానికి చేతి ఉంగరం కుదువ పెట్టిందట. చేసిన గులాబీలన్నీ తిరిగి వచ్చాయి. ఆమె పెట్టె మూత తీయగానే నాకు కారణం కనిపించింది: ప్రతి రేకు మీదా ముడతలు అడ్డంగా ఉన్నాయి. క్రేప్ కాగితానికి సన్నని ముడతలు ఒకే దిశలో బారులు తీరి ఉంటాయి. వాటికి అడ్డంగా లాగితే కాగితం సాగుతుంది, వాటి పొడవునా లాగితే సాగదు. మొదలు నుంచి కొస వరకు ముడతలు నిలువుగా వచ్చేటట్టు కత్తిరిస్తేనే, రెండు బొటనవేళ్ళతో పక్కలకు సాగదీసినప్పుడు రేకు మధ్యలో దొన్నెలాగా గుంట పడి, ఆ ఆకారం అలాగే నిలుస్తుంది. అడ్డంగా కత్తిరించిన రేకు పొడవునా సాగి నాలుకలాగా వేలాడుతుంది. మొదటి గంటలో చెప్పవలసిన ఈ ఒక్క సంగతిని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "నా చేతుల్లోనే లోపం ఉందనుకున్నానండి" అన్నది. కాగితాన్ని తిప్పి పట్టించి ఒక రేకు కత్తిరించమన్నాను. ఆ రాత్రి భోజనానికి మూడుసార్లు పిలిచినా లేవలేదు; అయిదో గులాబీకి టేపు చుట్టడం పూర్తయ్యాకే వచ్చింది. ఈ రోజుకీ ఆమె సంసారం పూల మీద నడవడం లేదు. ఊళ్ళో పెళ్ళి అలంకరణలు చేసేవారు అడిగినప్పుడు, బయానా చేతిలో పడిన తరువాతే, చేయగలిగినన్ని ఒప్పుకుని చేసి ఇస్తున్నది. ఈ పనిలో నిజంగా దొరికే ఆదాయం చాలామందికి ఇలాగే ఉంటుంది.

కాబట్టి ఎక్కడికి వెళ్ళినా, డబ్బు కట్టే ముందు అడగవలసినవి అడగండి. ఒక్కొక్క శిక్షకురాలి దగ్గర ఎంతమంది కూర్చుంటారు, ఏయే పూలు చేయిస్తారు, కాగితం బయట కొనుక్కోవచ్చా, రాలేకపోతే రుసుములో ఎంత తిరిగి ఇస్తారు, ఇంతకు ముందు నేర్చుకున్న ఇద్దరితో మాట్లాడనిస్తారా అన్నవి తేల్చుకోండి. కొనుగోలు హామీ ఉందంటే ధర, సంఖ్య, తిరస్కరించే షరతులు కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

ఇక, ఈ మాత్రం పనికి తోటలో నాలుగు రోజులెందుకు, ఊళ్ళోనే ఒక ఆదివారం నేర్పవచ్చు కదా అన్న ప్రశ్న. కత్తిరించడం, అతికించడం ఒక్క రోజులో నేర్పవచ్చు, కానీ పువ్వును చూడడం నేర్పలేము. మా శిబిరంలో మొదటి రోజు ఉదయం ఎవరి చేతికీ కత్తెర ఇవ్వను. కడియపులంక పూల మార్కెట్టుకు వెళ్ళి రావడం, తిరిగి వచ్చాక ఒక మందారాన్ని రేకు రేకుగా విప్పి తెల్ల కాగితం మీద వరుసగా పరచడం, అంతే. మందారంలో ప్రతి రేకుకూ ఒక అంచు పక్క రేకు మీదికి, రెండో అంచు ఇవతలి రేకు కిందికి పోతుంది. కొత్తవారు అయిదు రేకులనూ ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ పోయి, అయిదో దాన్ని మొదటి దాని పైన వేసి ముగిస్తారు. నిజానికి అయిదో రేకు అంచు మొదటి రేకు కిందికి దూరాలి. ఆ ఒక్క చోట తప్పితే, కారణం చెప్పలేకపోయినా, చూసేవారి కన్ను అది బొమ్మ పువ్వని పట్టేస్తుంది. పైగా పువ్వు రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున తెల్లగా విచ్చి సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగే మందారం ఒకటి మా తోటలో ఉంది. దాన్ని మూడు పూటలా చూసి మూడు పూలు చేయమంటాను. గొబ్బెమ్మల మీద ఏటేటా గుమ్మడి పువ్వు పెట్టే ఇళ్ళ నుంచి వచ్చినవారిలో కూడా, ఆడ పువ్వు కింద చిన్న పిందె ఉంటుందనీ మగ పువ్వుకు వట్టి కాడే ఉంటుందనీ పరకాయించి చూసినవారు కొందరే. కాగితం పూలని మనం పిలిచే బోగన్‌విల్లాలో రంగురంగుల రేకులనుకునేవి నిజానికి ఆకులేననీ, అసలు పువ్వు మధ్యలో ఉండే సన్నని తెల్లని గొట్టమనీ చెట్టు కింద నిలబడి చూసిన తరువాత, ఆ పువ్వు చేసే పద్ధతే మారిపోతుంది. జిగురు పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి పడుతుందన్నది నాలుగు రోజులు ఉండడానికి మరొక కారణం.

వయసు మీరిందనీ, బొమ్మలు వేయడం రాదనీ వెనకాడేవారికి ఒక్క మాట చెబుతాను. 1700లో పుట్టిన మేరీ డెలానీ అనే ఇంగ్లండు మహిళ డెబ్బై దాటిన తరువాత, మొక్కను ఎదుట పెట్టుకుని రంగు కాగితపు ముక్కలతో నల్లని కాగితం మీద పూల చిత్రాలు అతికించడం మొదలుపెట్టి, 900కు పైగా పూర్తి చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నా శిబిరంలో కూడా చేతులు కాస్త వణికే పెద్దవారు నిదానంగా చేస్తారు, నిదానంగా చేసినందువల్లనే వారి పని శుభ్రంగా వస్తుంది.

విదేశీ కాగితం లేకపోతే పువ్వు రాదన్నది వట్టి పుకారు. ఇటలీ నుంచి వచ్చే 180 గ్రాముల దళసరి క్రేప్ బాగా సాగుతుంది, గుంటను గట్టిగా నిలుపుకుంటుంది, నిజమే. కానీ మన స్టేషనరీ దుకాణాల్లో దొరికే పలచని క్రేప్‌ను ముడతలు కలిసేటట్టు రెండు పొరలుగా అతికించి ఆరబెట్టి వాడితే నేర్చుకోవడానికి ధారాళంగా సరిపోతుంది. తీగ కొనేటప్పుడు మాత్రం గేజు అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. కాడకు 18, రేకులకు 26 చాలు. కాగితపు పూలు కదా, కరిగిపోతాయిలే అని చెరువులో వదలవద్దు, లోపల ఇనుప తీగ ఉంటుంది, రంగు నీళ్ళలోకి దిగుతుంది.

చేసిన పూలు ఇంటికి చేరేలోగా పాడవుతాయన్న దిగులు చాలామందికి ఉంటుంది. తేమ తగిలితే క్రేప్ మెత్తబడి గుంటలు సడలుతాయి, గోదావరి గట్టున తెల్లవారుజామున మంచులో బయలుదేరితే ఇంకా తొందరగా సడలుతాయి. అందుకే చివరి రోజు ఎవరినీ పొద్దున పది గంటల లోపు పంపను. అట్టపెట్టె అడుగున థర్మాకోల్ పలక వేసి, కాడలను దానిలో గుచ్చి, రేకులు ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి మూత వేస్తాము. ప్లాస్టిక్ కవరులో కట్టవద్దు. ఇంటికి వెళ్ళాక కిటికీ ఎండ నేరుగా పడని చోట పెట్టండి, ఎరుపు, ఊదా రంగులు ఎండకు తొందరగా వెలిసిపోతాయి. దారిలో ఏ రేకైనా సడలితే దాన్ని పీకవద్దు; పొడి చేతులతో, బొటనవేళ్ళు రెండూ మధ్యన ఆనించి, మొదటి రోజు నేర్చుకున్నట్టే మెల్లగా పక్కలకు సాగదీయండి.