చీర మడతలో మొగలి వాసన, సిలికాన్ రంధ్రంలో టోలుయీన్

బరంపురంలో మా ఇంట పట్టుచీరల మడతల్లో మొగలి రేకు పెట్టడం ఆనవాయితీ. రేకు ఎండి గలగలమన్నా చీర విప్పగానే పరిమళం వస్తుంది. ఛత్రపురం వైపు మొగలి అత్తరు తీసే బంధువు ఒకరు, సరుకు అసలుదో కాదో వాసన పట్టి చెప్పే యంత్రం ఉందా అని అడిగినప్పుడు నాకు ముందుగా తోచింది ఆ చీర మడతే.

మొగలి పరిమళంలో సింహభాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే, తేలికగా ఆవిరయ్యే కర్బన పదార్థానిది. ఆ వాసనకు పాములు వస్తాయని మావైపు గట్టి నమ్మకం. దట్టమైన పొద, అందులోని ఎలుకలు, కప్పలు చాలవా పాముకు?

అలాంటి యంత్రానికి పనికొచ్చే, ఆవిరిని పట్టే పదార్థాల్లో నాకు మిక్కిలి ఇష్టమైనది సూక్ష్మరంధ్రాల సిలికాన్. 1956లో బెల్ ప్రయోగశాలలో సిలికాన్‌ను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో విద్యుత్తుతో నునుపు చేయబోగా అనుకోకుండా ఏర్పడిన పొర ఇది. సన్నని రంధ్రంలో ద్రవపు ఉపరితలం లోపలికి వంగి ఉంటుంది. అలా వంగిన చోటు నుంచి అణువులు తప్పించుకోవడం చదునైన ఉపరితలం నుంచి కన్నా కష్టం. అందువల్ల గాలి ఆవిరితో సంతృప్తం కాకముందే, అంటే ఇక పట్టనంతగా నిండకముందే, రంధ్రం ద్రవంతో నిండుతుంది. ఈ వంపుకూ ఆవిరి పీడనానికీ ఉన్న లెక్క చెప్పే కెల్విన్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, రంగుల్లో వాడే టోలుయీన్ అనే ద్రావకం 5 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) వ్యాసార్ధమున్న రంధ్రంలో సంతృప్త పీడనంలో సుమారు 62 శాతానికే ద్రవమవుతుంది, 2.4 నానోమీటర్లయితే 37 శాతం చాలు. వక్రీభవన గుణకం (కాంతి వేగాన్ని పదార్థం ఎన్నో వంతుకు తగ్గిస్తుందో చెప్పే సంఖ్య) దాదాపు 1 ఉన్న గాలి స్థానంలోకి దాదాపు 1.5 ఉన్న టోలుయీన్ చేరగానే, పొర పైముఖం నుంచీ అడుగుముఖం నుంచీ వెనుదిరిగే కాంతుల మధ్య దారి తేడా పెరిగి, పొర రంగు ఎరుపు వైపు జరుగుతుంది. ఆవిరి మరీ పలుచగా ఉంటే రంధ్రం నిండదు. గోడలకు అంటుకున్న కొద్దిపాటి అణువులే సంకేతం. పట్టుపోగుల సందుల్లో పరిమళాన్ని నిలిపేదీ ఈ అంటుకోవడమే.

వానాకాలంలో చీరకు ముక్కవాసన తెచ్చే తేమే ఇక్కడా శత్రువు. గోడలు నీటిని ఇష్టపడేవైతే, గాలిలో తేమ 80 శాతానికి చేరేసరికి 4.7 నానోమీటర్ల వ్యాసార్ధమున్న రంధ్రాలు నీటితోనే నిండిపోతాయి. సముద్రతీరపు గంజాం జిల్లాలో ఇది చిన్న చిక్కు కాదు. అందుకే గోడలకు నీరంటని హైడ్రోకార్బన్ పూత వేస్తారు.

అయితే రంధ్రానికి వాసన పేరు తెలియదు. వేర్వేరు పూతల పొరలు కొన్నింటిని పక్కపక్కన పెట్టి, ముందుగా అసలైన అత్తరుతో వాటి స్పందనలు నమోదు చేసుకుని, కొత్త సరుకును ఆ నమూనాతో పోల్చాలి. కర్మాగారంలో చేసిన ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ కలిపినా అణువు అదే గనుక, తేడాను టెర్పినెన్-4-ఆల్ వంటి తోడు పదార్థాల పాళ్లలోనే వెతకాలని మా బంధువుకు చెప్పాను.