కత్, ఖత్, గత్: పెద్దయ్యాక ఐరిష్ నేర్చుకోవడం గురించి అపోహలు - వాస్తవాలు

డబ్లిన్‌లో మా పేట లైబ్రరీలో ప్రతి గురువారం సాయంత్రం కొంతమందిమి ఒక బల్ల చుట్టూ చేరి ఐరిష్‌లో మాట్లాడుకుంటాం. ఇలాంటి కూటాన్ని ఇక్కడ 'కిర్కల్ కోరా' అంటారు. కబుర్ల కోసం కూర్చోవడం, అంతే. ఏడేళ్ళ కిందట ఒక్క ముక్క రాకుండా వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకి మొదటి పాఠాలు చెప్పే పని నా నెత్తిన పడింది. బ్రెజిల్ వాళ్ళు, పోలండ్ వాళ్ళు, బడిలో చదివి మర్చిపోయిన ఐర్లాండ్ వాళ్ళు వస్తుంటారు. ఈమధ్య మన తెలుగువాళ్ళూ వస్తున్నారు. మనవాళ్ళు అడిగే ప్రశ్నలు, నాకు వచ్చే వాట్సాప్ ఫార్వర్డ్‌లు చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఐరిష్ అంటే ఐర్లాండ్ యాసలో ఇంగ్లిషే కదా

కాదండీ. ఇది కెల్టిక్ కుటుంబానికి చెందిన వేరే భాష. స్కాట్లాండ్ గేలిక్, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవి భాష మాంక్స్ దీని అక్కచెల్లెళ్ళు. 1937 నాటి రాజ్యాంగం ప్రకారం దేశానికి మొదటి అధికార భాష ఇదే, ఇంగ్లిష్ రెండోది. 2007 నుంచి యూరోపియన్ యూనియన్‌లోనూ అధికార భాష. భాషకి దానిలోనే ఉన్న పేరు 'గేల్గె'. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఇక్కడ 'ఐరిష్' అనే అంటారు. 'గేలిక్' అన్నారంటే ఎదుటివాళ్ళకి గేలిక్ ఫుట్‌బాల్ ఆటో, స్కాట్లాండ్ భాషో గుర్తొస్తుంది.

అపోహ: స్పెల్లింగ్‌కీ పలకడానికీ పొంతన ఉండదు

ఆఫీసులో 'షివాన్' అనే సహోద్యోగి పేరు మెయిల్లో ఎస్, ఐ, ఓ, బి, హెచ్, ఏ, ఎన్ అని కనిపించగానే అందరూ ఈ మాటే అంటారు. నేనూ అన్నాను. నిజానికి స్పెల్లింగులో ఇంగ్లిష్ కన్నా ఐరిష్‌కే పద్ధతి ఎక్కువ. కాకపోతే ఆ పద్ధతి ఇంగ్లిష్‌ది కాదు.

ఒకసారి 'చిలక' అనండి, తర్వాత 'చాప' అనండి. రెండు చోట్లా రాసేది ఒకటే చ. కానీ చిలకలో నాలుక అంగిలికి తగులుతుంది, చాపలో పళ్ళ దగ్గరికి వస్తుంది. ఇ, ఎ పక్కన ఒకలా, అ, ఉ, ఒ పక్కన ఇంకొకలా. ఎవరూ నేర్పకుండానే మనం ఇలా పలుకుతాం. ఐరిష్‌లో దాదాపు ప్రతి హల్లుకీ ఇలాంటి రెండు రూపాలున్నాయి. ఐ, ఈ అక్షరాల పక్కనుంటే 'సన్న' హల్లు, ఏ, ఓ, యూ పక్కనుంటే 'వెడల్పు' హల్లు. 'సీర్షె' అనే పేరు తీసుకోండి, స్వేచ్ఛ అని అర్థం. ఎస్, ఏ, ఓ, ఐ, ఆర్, ఎస్, ఈ అని రాస్తారు. అందులో రెండు ఎస్‌లున్నాయి. మొదటిది ఏ పక్కన ఉంది కాబట్టి స, రెండోది ఈ పక్కన ఉంది కాబట్టి ష. అంటే మాటలో కనిపించే అచ్చుల్లో కొన్ని పలకడానికి కాదు, పక్క హల్లుని ఎలా పలకాలో చెప్పడానికి ఉన్నాయి. ఇక హెచ్ సంగతి. పాత ఐరిష్ లిపిలో హల్లు మీద చుక్క పెడితే ఆ హల్లు మెత్తబడినట్టు. రోమన్ అచ్చుకి మారాక చుక్క పోయి దాని చోట హెచ్ వచ్చింది. బి పక్కన హెచ్ ఉంటే వ, ఎం పక్కన హెచ్ ఉన్నా వ. ఇప్పుడు షివాన్‌ని మళ్ళీ చదవండి.

రెండు వారాలు ఓపిక పడితే తెలియని మాటైనా చూసి దాదాపు సరిగ్గా చదివేయొచ్చు. ఇంగ్లిష్‌లో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆ ధైర్యం లేదు.

అపోహ: మాట మొదటి అక్షరమే మారిపోతుంది, ఇలాంటి వ్యాకరణం మన వల్ల కాదు

నాకు చాలా ఇష్టమైన అపోహ ఇది. పిల్లిని 'కత్' అంటారు. 'అ ఖత్' అంటే అతని పిల్లి. 'అ కత్' అంటే ఆమె పిల్లి. 'అ గత్' అంటే వాళ్ళ పిల్లి. అతని, ఆమె, వాళ్ళ అన్న మూడింటికీ మాట ఒక్కటే, 'అ'. పిల్లి ఎవరిదో తేల్చేది పిల్లి మొదటి అక్షరమే. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్ళు ఇక్కడే పుస్తకం మూసేస్తారు.

మనం ఎందుకు మూయాలి? హైస్కూల్లో బట్టీ పట్టిన సంధులు గుర్తు తెచ్చుకోండి. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ఊరు, పల్లె కలిస్తే ఊరువల్లెలు. గసడదవాదేశం. ముందు మాట అచ్చుతో ముగిస్తే వెనక మాట మొదటి హల్లు మెత్తబడింది. ఐరిష్‌లో 'షేవూ' అనే మార్పు పుట్టింది కూడా ఇలాగే, ఒకప్పుడు అచ్చుతో ముగిసిన మాటల వెనక. బ మెత్తబడి వ అవుతుంది, ప మెత్తబడి ఫ అవుతుంది.

రెండో మార్పు పేరు 'ఉరూ'. ఇది మన సరళాదేశమే. 'పూచెన్' పక్కన 'కలువలు' వస్తే 'పూచెఁ గలువలు'. నకారం క ని గ చేసి, తను అరసున్నగా మిగిలి, ఆ తర్వాత అదీ పోయింది. ఐరిష్‌లోనూ ముందు మాట చివర ఒకప్పుడు నకారం ఉండేది. అది వెనక మాటలోని క ని గ, త ని ద, ప ని బ చేసి మాయమైపోయింది. కార్క్ ఊరి పేరు 'కోర్కి', కార్క్‌లో అనాలంటే 'ఇ గోర్కి'. ట్రలీ ఊరు 'త్రా లీ', ట్రలీలో అంటే 'ఇ ద్రా లీ'.

రాతలో వీళ్ళు చేసే పని నాకు భలే నచ్చుతుంది. పాత అక్షరాన్ని కొట్టేయరు, కొత్తదాన్ని దాని ముందు తగిలిస్తారు. గ పలకాల్సిన చోట జి, సి రెండూ రాస్తారు. పలికేది జి, డిక్షనరీలో వెతకాల్సింది సి. కూరగాయలో మాత్రం అసలు మాట కాయ అని మనకి మనమే గుర్తు పెట్టుకోవాలి.

ఖమ్మం నుంచి వచ్చిన ఒక నర్సు మా బల్ల దగ్గర మూడు వారాలు ఈ మార్పులతో కుస్తీ పట్టింది. ఆవిడ చేతిలోని పుస్తకం ఇంగ్లిష్ వాళ్ళ కోసం రాసింది, నిండా టేబుళ్ళే. ఒకరోజు కాగితం మీద 'పూచెఁ గలువలు' అని రాసి చూపించాను. "అయ్యో, ఇదా అండీ!" అంది. ఆ తర్వాత తప్పులు రాలేదని కాదు, కానీ టెన్షన్ పోయింది.

అపోహ: ఈ భాషలో 'ఎస్', 'నో' లేవట, 'నా దగ్గర ఉంది' అనడానికి ఇంగ్లిష్ 'హ్యావ్' లాంటి క్రియే లేదట

లేవు. మనకి మాత్రం ఎక్కడున్నాయి? "తిన్నావా?" అంటే "తిన్నా" అంటాం. "పాలున్నాయా?" అంటే "ఉన్నాయి", "లేవు". వీళ్ళూ అంతే. "అ విల్ అరాన్ అగత్?" అంటే "నీ దగ్గర రొట్టె ఉందా?" జవాబు "తా" అంటే ఉంది, "నీల్" అంటే లేదు. "తా ల్యౌర్ అగమ్" అంటే నా దగ్గర పుస్తకం ఉంది. "తా ఓక్రస్ ఒరమ్" అంటే నాకు ఆకలిగా ఉంది, మాటకి మాట చూస్తే ఆకలి నా మీద ఉంది. భాష వచ్చు అనడానికీ ఇదే పద్ధతి, "తా గేల్గె అగమ్".

లెక్కపెట్టడం ఇంకా బాగుంటుంది. ఊరికే అంకెలైతే దో, త్రీ, క్యాహిర్. మనుషులైతే బెర్ట్, త్రూర్, క్యాహ్రర్. రెండు, మూడు, నాలుగు ఒక వరస. ఇద్దరు, ముగ్గురు, నలుగురు ఇంకో వరస. దీన్ని అర్థం చేయించడానికి ఇంగ్లిష్ వాళ్ళకి అరగంట పడుతుంది. తెలుగువాళ్ళకి చెప్పాల్సిన పనే లేదు.

తెలుగు ఆదుకోని చోట్లూ ఉన్నాయి. క్రియ మనకి చివర వస్తే వీళ్ళకి మొదట వస్తుంది. "ఖొనిక్ మే మద్ర" అంటే "చూశాను నేను కుక్క". వస్తువులకి కూడా ఆడ, మగ తేడా ఉంది, అది కూర్చుని నేర్చుకోవాల్సిందే. సన్న ర నాకు ఏడేళ్ళయినా కుదరలేదు. ఖ అన్నది మన వత్తు ఖ కాదు, గొంతులోంచి గాలి రాసుకుంటూ రావాలి. హైదరాబాద్‌లో ఉర్దూ వింటూ పెరిగినవాళ్ళు 'ఖుదా' అన్నట్టు అనేస్తారు, మిగతావాళ్ళం గొంతు సవరించుకుంటాం.

అపోహ: ఐరిష్ సంస్కృతం నుంచి పుట్టింది, అందుకే మనకి తేలిక

ఈ ఫార్వర్డ్ నాకు ఏడాదికి రెండుసార్లైనా వస్తుంది. పుట్టలేదు. రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబంలోవి, దూరపు చుట్టాలు. మూడుకి 'త్రీ', పదికి 'జె', రాజుకి 'రీ', ఆవుకి 'బో' (మన గో), మగవాడికి 'ఫార్' (వీరుడులోని వీర) అన్న పోలికలు నిజమే. తెలుగు ఆ కుటుంబమే కాదు. పైన చెప్పిన సంధుల పోలిక కేవలం కాకతాళీయం, నోళ్ళు ఎక్కడైనా నోళ్ళే కాబట్టి. పాఠానికి పనికొస్తుంది, చరిత్రకి పనికిరాదు.

అపోహ: ఐర్లాండ్‌లో ఉంటున్నాం కాబట్టి బయటికెళ్తే ప్రాక్టీసు అయిపోతుంది

అన్నిటికన్నా దెబ్బతీసేది ఇదే. 2022 జనగణనలో 18.7 లక్షల మంది ఐరిష్ మాట్లాడగలమని చెప్పారు. అందులో 10 లక్షలకు పైగా 'బాగా రాదు' అన్నవాళ్ళే. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేలలోపే. దుకాణంలో "దియ ద్విచ్" అని పలకరిస్తే అవతలి మనిషి ముందు సంతోషిస్తారు, వెంటనే సిగ్గుపడతారు, చివరికి "పన్నెండేళ్ళు చదివాను, ఏమీ రాదు" అని ఇంగ్లిష్‌లో క్షమాపణ చెబుతారు.

పోనీ ఈ భాషే వాడుకలో ఉన్న గేల్టాక్ట్ ప్రాంతాలకి వెళ్తే వచ్చేస్తుందా? డోనెగల్, గాల్వే, కెర్రీ లాంటి ఏడు కౌంటీల్లో అవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. మీరు తడబడితే అక్కడివాళ్ళు మర్యాదకొద్దీ ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. అందుకే ఊరికే టూరు వెళ్ళేకన్నా కోర్సుకి వెళ్ళడం మేలు. డోనెగల్‌లోని గ్లెన్‌కొలంకిల్‌లో 'ఓజస్ గేల్' అనే సంస్థ 1984 నుంచి పెద్దవాళ్ళకి కోర్సులు నడుపుతోంది.

యాప్ గురించి కూడా అడుగుతారు. ఉండనివ్వండి, కానీ రెండొందల రోజుల స్ట్రీక్ ఉండి కూడా నోరు తెరవలేనివాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చారు. వాళ్ళకి నేను ముందు చెప్పేది చెవి గురించి. లువాస్ ట్రామ్‌లో ప్రతి స్టాపు పేరూ ఐరిష్‌లో కూడా చెబుతారు, రోజూ వినండి. ఇంట్లో వంట చేసుకుంటూ 'రేడియో నా గేల్టాక్టా' పెట్టుకోండి, 1972 నుంచి వస్తోంది. మొదటి ఆరు నెలలు ఏమీ అర్థం కాదు, పరవాలేదు.

అపోహ: ముందు ఏ మాండలికమో తేల్చుకోవాలి

అక్కర్లేదు. "ఎలా ఉన్నారు?" అనడానికి మన్‌స్టర్ ప్రాంతంలో "కొనస్ అతా తూ", కొనాక్ట్‌లో "కేన్ ఖీ విల్ తూ", అల్‌స్టర్‌లో "కజే మర్ అతా తూ" అంటారు. 'ఎట్లున్నవ్', 'ఎట్లుండావు', 'ఎలా ఉన్నావు' మధ్య బతికినవాళ్ళకి ఇదొక సమస్యా? రాతకి 1958 నుంచి ప్రామాణిక రూపం ఉంది. మాటకి మీ టీచర్ ఏది మాట్లాడితే అది పట్టుకోండి.

అపోహ: నలభై దాటాక కొత్త భాష రాదు

నేను మొదలుపెట్టింది నలభై మూడో ఏట. వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటే ఎనిమిది నెలలకి టీ అడగడం, వాన గురించి మాట్లాడడం వచ్చింది. ఇక్కడ వాన గురించి మాట్లాడగలిగితే సగం పని అయినట్టే.

మా పక్కింటి పెద్దాయనకి డెబ్బై దాటింది. ఒకరోజు గోడ అవతలి నుంచి "లా బ్రా" అన్నాను, మంచి రోజు అని. ఆయన కాసేపు ఆలోచించి, చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా ఒక వాక్యం అప్పజెప్పాడు: "అ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ జీ అన్ లెహ్రస్?" మరుగుదొడ్డికి వెళ్ళడానికి అనుమతి ఉందా అని. ఈ దేశంలో అన్నీ మర్చిపోయినవాళ్ళకి కూడా ఈ ఒక్క వాక్యం గుర్తుంటుంది. ఇప్పుడు నా మొదటి పాఠం అదే. ఉందా అని అడగడం, నా దగ్గర అనే అగమ్, 'జీ'లో త మీద పడ్డ ఉరూ, అన్నీ అందులోనే ఉన్నాయి. పెద్దాయన కూడా గురువారాలు వస్తున్నాడు. పిల్లి ఎవరిదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు.